కడప తీసిన అర్ర

ఇయ్యాల ముందుగాల ఆ కడప తియ్యి, జంగయ్యా.
అట్ల సూడకు.
దానికి పసుపు రాసిన చేతులు నావే,
మొన్న ఆషాఢంల దానికే తట్టుకుని
రంగు బకెట్టుతోని పడ్డ మోకాలు గూడ నాదే.
ఎర్రరంగు అర్రంత పారితే
నెత్తురనుకుని మగ్గంలకెల్లి మొత్తుకున్నడు భిక్షపతి.
గుంతలకెల్లి ఆయన లేచి ఒచ్చేదాంక
ఎల్లెలకల పండుకుని దూలాలు లెక్కపెట్టిన.
పదకొండు.
ముప్పై ఎనిమిదేండ్ల సంది ఉంటున్న అర్ర,
గప్పుడే తెల్సింది.

పసుపు నేల మీదనే రాస్తతియ్యి.
లచ్చిమికి మాత్రం ఒయసు మీద పడలేదా,
తట్టుకోకుండ ఒస్తది.

ఇగ కొలతలు రాసుకో.
నా ఒళ్ళే టేపు.
కూసున్నంక మోచెయ్యి యాడ ఆనుతదో
గంతెత్తు బల్ల. మూడు ఫీట్ల పొడుగు.
చిటికి కట్టేటప్పుడు మెడ వంగొద్దు.
ఆసు పోసిన చెయ్యి ఇది,
ఒక్క చీరకు తొమ్మిదివేల సార్లు
పోయి ఒచ్చిన చెయ్యి.
ఇప్పుడు కొంగు నెత్తి మీదికి సదురుకోనీకె లేస్తలేదు.
కండెలు, రబ్బరు పీలికలు, కత్తెర
అన్నీ నడుముకు పైన, భుజానికి కింద.
అటుక మీద ఏం పెట్టాల్నని అడగకు,
అటుకనే కట్టకు.

చౌటుప్పల్ దుకాణపోడు
అద్దమసొంటి టైల్సు చూపెట్టిండు.
మొకం కనపడుతది పెద్దమ్మా అన్నడు.
తడికాలుతోని నడిస్తే
యముని మొకం గూడ కనపడుతది బిడ్డా అన్న.
గరుకు షాబాదు బండ ఎయ్యి,
రంగునీళ్ళు మోరీకి పొయ్యేటట్టు జెర వాలు ఉంచు.
గోడపొంటి పైపు బిగియ్యి,
తువ్వాలలు ఆరేసుకోనీకె అని చెప్పు మా ఆయనకు.
పట్టుకుని నడవనీకె అంటే పట్టుకోడు.

కిటికి ఎడమదిక్కు.
కుడిదిక్కు పెడితే నా చేతినీడ నా ముడి మీదనే పడుతది.
పొద్దుగూకితే నల్ల పోగు, ముదురెరుపు పోగు
కవలపిల్లల లెక్క కనపడుతున్నయ్.
మొన్న ఒక అంచు తారుమారైంది.
సేటు గుర్తుపట్టలే.
నేను పట్టిన.
రెండు రాత్రులు నిద్ర లేదు.

గుంత పూడ్పిద్దామంటే
రెండు దినాలు నాతోని మాట్లాడలే భిక్షపతి.
వాళ్ళ నాయిన కాళ్ళాడిచ్చిన గుంత,
వానకాలం ఊట పడితే చెంబుతోని తోడిన గుంత,
ఒకపారి తేలు, ఒకపారి కప్పపిల్లలు.
పూడ్చిపెట్టేది పోయినంక గదనే అన్నడు.
సగం మనిషివి పొద్దంత అండ్లనే ఉంటివి గద అన్న.
నవ్విండు.
స్టాండు మగ్గానికి బయానా తనే ఇచ్చిండు.
నిన్న మొదటి తట్ట మన్ను తనే పోసిండు,
రెండో తట్టకు ఆయాసమొచ్చి కూసున్నడు.

నువ్వు చూసినవు గద,
మన్ను పొయ్యకముందు అడుగంత గీకితే
ఏమేం ఎల్లినయో:
రెండు వెదురు కండెలు,
చారాణ బిళ్ళ,
పోగుల ఉండల చిక్కుకున్న నా ముక్కుపుల్ల.

గది నువ్వు ఇర్వై రూపాయల సామానన్నవు.
గది పోయిందని, నువ్వే తీసినవని
మా తోటికోడలు బాలమణిని
పుట్టపాక నడిబజార్ల నిలబెట్టి అడిగిన.
ఇర్వై రెండేండ్లాయె.
ఎదురొస్తే ఆమె ఒక దిక్కు, నేనొక దిక్కు.
మొన్న నేను పడ్డనని తెలిసి
తన ఇంట్ల కాచిన నూనె
పక్కింటి పిల్లతోని పంపింది, పేరు చెప్పొద్దని.
ఆ ఇంట్ల నూనె వాసన నాకు తెలువదా.

ఇదంత ఎన్నేండ్లకోసం పెద్దమ్మా అంటున్నవు.
ఏండ్ల లెక్క నాకెందుకు.
పడుగు మీద ఏడు చీరలున్నయ్.
ముందుగాల అవి దిగనీ.

అన్నట్టు జంగయ్యా,
బల్ల మూడు ఫీట్లని చెప్పిన గదా.
కొట్టేసి ఆరు రాసుకో.
ఆమె కండ్లు ఇంక మంచిగున్నయంట,
నలుపేదో ఎరుపేదో చెప్తది.
ఒస్తదో, రాదో.
ఎందుకని అడగకు, రాసుకో.
ఆ స్విచ్చు ఇంకో జానెడు కిందికి పెట్టు,
ఆమె నాకంటె పొట్టిది.